మనసులో కలుపు ఎంత పీకినా మళ్లీ వస్తోంది, నేను చేసే తప్పేంటి?

బాల్కనీమాలి:

ఇది మొక్కల ప్రశ్నో మనసు ప్రశ్నో నాకే సరిగ్గా తెలియట్లేదు, తప్పు చోట పెట్టి ఉంటే ఏమనుకోకండి. ఏడాది కిందట ధ్యానం మొదలుపెట్టాను, అదే నెలలో బాల్కనీలో ఆరు కుండీలు కూడా పెట్టాను. ధ్యానం నేర్పినాయన మొదటి రోజే ఒక మాట అన్నారు, మనసు తోటలాంటిది, రోజూ కలుపు తీసుకుంటూ ఉంటే మంచి మొక్కలు వాటంతట అవే పెరుగుతాయని. వినడానికి ఎంత బాగుందో. ఆ రాత్రే ఒక నోట్‌బుక్ తీశాను. ఇవాళ ఎన్నిసార్లు కోపం వచ్చింది, ఎవరిని చూసి కుళ్లుకున్నాను, ఫోన్ ఎంతసేపు పట్టుకున్నాను, అన్నీ రాసుకోవడం, ఒక్కోదాన్నీ పీకేయాలని కూర్చోవడం.

కోపం తగ్గలేదు సరికదా, కోపం వచ్చినందుకు నా మీద నాకే ఇంకో కోపం తోడైంది. మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు చిన్న తప్పు చేస్తే అందరి ముందూ అరిచేశాను. తర్వాత బాత్రూంలోకి వెళ్లి పది నిమిషాలు అలాగే కూర్చున్నాను, ఏడాది నుంచి ధ్యానం చేస్తున్న మనిషి ఇలాగేనా ఉండేది అని.

కుండీల సంగతి చెప్పక్కర్లేదు. టమాటా నారు రెండుసార్లు పోసి రెండుసార్లూ పోగొట్టుకున్నాను. మొలకలొచ్చిన నాలుగో రోజుకల్లా కాడ మట్టి దగ్గర గోధుమరంగుకి తిరిగి, దారంలా సన్నబడి, పక్కకి ఒరిగిపోవడం. రోజూ రెండుపూటలా నీళ్లు పోశాను, ఏ లోటూ చేయలేదు. ఇంకోటి ఒప్పుకోవాలి, మొలక రాకముందు పగిలాయో లేదో చూద్దామని రెండు విత్తనాలు వేలితో తవ్వి చూశాను కూడా.

నిజంగా చేతికి మట్టి అంటించుకునేవాళ్లని అడుగుతున్నా. ఈ తోట పోలికలో ఏమన్నా నిజముందా, లేక పొద్దున్నే గుడ్‌మార్నింగ్ మెసేజ్‌లో పెట్టుకోవడానికి పుట్టిన మాటా?

మట్టిగోళ్లు:

ముందు నారు సంగతి చూద్దాం, అది తేలిక. దాన్ని నారుకుళ్లు అంటారు. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే అందులోని బూజు జాతి జీవులు లేత కాడని మట్టి మట్టంలోనే తినేస్తాయి. మీరు లోటు చేయకపోవడమే అక్కడ లోటు. వేళ్లకి నీళ్లెంత కావాలో గాలీ అంతే కావాలి, మట్టిలో సందులన్నీ నీళ్లతో నిండిపోతే వేరుకి ఊపిరాడదు. ఇకనుంచి చూపుడువేలు మొదటి కణుపు దాకా మట్టిలో దించి చూడండి, తడి తగిలితే ఆ పూట నీళ్లు మానేయండి. అడుగున చిల్లులు మూసుకుపోయాయేమో కూడా చూడండి.

ఇక కలుపు. మీ గురువుగారు సొంతంగా ఎప్పుడైనా తుంగ పీకారో లేదో నాకు అనుమానం. నాకు తుంగతో పదేళ్ల పరిచయం. పైన పట్టుకుని లాగితే టక్‌మని తేలిగ్గా వచ్చేస్తుంది, గెలిచాం అనుకుంటాం. కింద గడ్డలు ఒకదానికొకటి సన్నటి దారంతో గొలుసులా ఉంటాయి. గొలుసు కలిసున్నంతకాలం వాటిలో చాలా గడ్డలు నిద్రలోనే ఉంటాయి, మనం లాగి గొలుసు తెంపామా, ఆ నిద్రపోయేవి కూడా లేస్తాయి. వారం తిరిగేసరికి ఒకటి ఉన్నచోట మూడు. మొదటి రెండేళ్లూ నేను చేసిందదే, కోపంతో పీకడం, అది నవ్వుకుంటూ రావడం.

విత్తనాల కలుపుది ఇంకో కథ. 1879లో విలియం బీల్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త కలుపు విత్తనాలని ఇసుకలో కలిపి 20 సీసాల్లో పోసి, మిషిగన్‌లో నేలలో పాతిపెట్టాడు. ఆయన పోయినా ప్రయోగం ఆగలేదు, కొన్నేళ్లకొక సీసా తీసి మొలకేసి చూస్తూనే ఉన్నారు. 2021లో తీసిన సీసాలో కూడా కొన్ని మొలకెత్తాయి, 142 ఏళ్ల తర్వాత! అంటే నేలలో ఉన్న కలుపు విత్తనాలన్నీ ఖాళీ చేయడం మన తరం వల్ల కాదు. అయితే వాటిలో చాలావాటికి మొలవాలంటే కాస్త వెలుతురు తగలాలి. లోపల చీకట్లో ఉన్నంతసేపూ ఊరికే ఉంటాయి, మనం తవ్వి మట్టి తిరగేసినప్పుడల్లా ఓ కొత్త పొర పైకొచ్చి వెలుతురు చూస్తుంది. రోజూ తవ్వేవాడికి రోజూ కలుపే.

మీ నోట్‌బుక్ గురించి చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది, అంతకంటే ఏమీ అనను. తుంగని నేను చివరికి తగ్గించగలిగింది పీకి కాదు. నేల ఖాళీగా ఉంచకుండా ఎండుటాకులు మందంగా పరిచి, దాని మీద బాగా గుబురుగా పెరిగే మొక్కలు దగ్గరదగ్గరగా పెట్టాను. తుంగకి నీడ పడదు. ఇప్పటికీ ఉంది, చస్తే పోదు, కానీ తోటలో దాని పెత్తనం లేదు.

పాతకాపు:

బాబూ, వయసులో పెద్దవాణ్ణి కాబట్టి చనువుగా రాస్తున్నాను. మట్టిగోళ్లు గారు చెప్పింది బాగుంది, నేను నీళ్ల వైపు నుంచి ఒక మాట కలుపుతాను.

ఈ పోలిక ఇవాళ్టి మెసేజ్‌లలో పుట్టింది కాదు. పతంజలి యోగసూత్రాల్లో నాలుగో పాదం మూడో సూత్రంలో 'క్షేత్రికవత్' అనే మాట ఉంది, పొలం కాపులాగా అని. పై మడిలో నిలిచిన నీటిని కింద మడిలోకి తేవాలంటే కాపు చేతులతో మోసుకెళ్లి పోయడు. గట్టు దగ్గర అడ్డు తీస్తాడు, నీళ్లు వాటి దారిన అవే పోతాయి. మనం మడవ తీయడం అంటాం చూడు, అదే. మనిషిలో జరగాల్సిన మార్పుకి మన ప్రయత్నం కూడా అంతేనట, అది తోసేది కాదు, అడ్డు తీసేది. నాకు ఇది ముప్పై ఏళ్ల వయసులో నోటికొచ్చింది, యాభై దాటాక అర్థమైంది. మధ్యలో ఇరవై ఏళ్లు నీళ్లు చేతులతోనే మోశాను.

మరైతే ఊరికే కూర్చుంటే సరిపోతుందా అంటావేమో. అలా కాదు. ఒకసారి రాత్రంతా మడికి నీళ్లు పెట్టి, పొద్దున పోయి చూద్దును కదా, మడి సగం కూడా తడవలేదు. మడవ సరిగ్గానే ఉంది, కాలవలో నీళ్లూ ఉన్నాయి. గట్టంతా నడుచుకుంటూ పోతే అవతలి మూల గడ్డి కింద ఎలక బొరియ, నా పిడికిలి పట్టేంతది, నీళ్లన్నీ అందులోంచి పక్క కాలవలోకి గుడగుడమని పోతున్నాయి. గడ్డి కప్పేసి ఉంది కాబట్టి పైనుంచి కనబడదు, ఆ చప్పుడు వినబడి కూర్చుని చూస్తే తప్ప.

ధ్యానంలో నా బొరియ ఏమిటో కూడా ఆలస్యంగానే దొరికింది. రాత్రి పన్నెండుకి పడుకుని పొద్దున నాలుక్కి లేచి కూర్చునేవాణ్ణి, అదో గొప్ప సాధన అనుకుని. పదింటికల్లా ఇంట్లో అందరి మీదా విసుగు. ఓ రెండు గంటలు ముందు పడుకోవడం మొదలుపెట్టాక ఇంటావిడ అంది, ఈ మధ్య ఏదో మంత్రం పనిచేస్తున్నట్టుందే అని. మంత్రమూ లేదు, తంత్రమూ లేదు. నీ బొరియ ఎక్కడుందో నాకు తెలియదు, గట్టు మీద నువ్వే నడవాలి. కోపాలు లెక్కపెట్టడం మానేసి, అరిచిన రోజున అంతకుముందు ఏం జరిగిందో, ఎంత నిద్రపోయావో, తిన్నావో లేదో అదొక్కటీ చూసుకో.

ఎండుటాకు:

అందరూ అనుకూలంగానే రాస్తున్నారు, నేను కొంచెం అడ్డం మాట్లాడతాను. నాకు ఈ తోట పోలికలంటే ఒళ్లు మంట.

మూడేళ్ల కిందట మా అక్క పోయింది. అప్పుడు పరామర్శకి వచ్చినవాళ్లలో కనీసం నలుగురు అన్నారు, ఈ బాధే నీకు రేపు ఎరువవుతుంది అని. మంచి ఉద్దేశంతోనే అన్నారు, కాదనను. కానీ వాళ్లెవరూ ఎరువు చేసిన మొహాలు కావు. ఏదో ఒకటి చేయాలి కదా అని నేను ఆ నెలలోనే పెరట్లో కంపోస్ట్ డ్రమ్ము పెట్టాను, వంటింటి పచ్చి చెత్తంతా అందులో పడేసి మూత పెట్టేదాన్ని. మూడు వారాలకి మూత తీస్తే కంపుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. నల్లటి జిగురు, పురుగులు. తర్వాత తెలిసింది, తడి చెత్త ఒక్కటే వేస్తే గాలి ఆడక కుళ్లిపోతుంది, ఎరువవదు. పచ్చిదాని కంటే ఎండుదే బాగా ఎక్కువ పడాలి, ఎండుటాకులూ అట్టముక్కలూ అలాంటివి. అప్పుడప్పుడూ తిరగేయాలి. అన్నీ కుదిరితే పెద్ద కుప్ప లోపల 55, 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. నా డ్రమ్ము చిన్నది, అంత వేడి ఎప్పుడూ రాలేదు, ఎనిమిది నెలలు పట్టింది. రోగమొచ్చిన మొక్కలైతే అసలు వేయొద్దంటారు, సరిగ్గా వేడెక్కకపోతే రోగం ఎరువుతోపాటే మళ్లీ కుండీలోకి వస్తుందని.

కాబట్టి ఎవరైనా బాధ ఎరువవుతుంది అంటే, ఎండుటాకులు ఎవరు తెస్తారండీ అని అడగాలనిపిస్తుంది. నాకైతే తెచ్చింది మా పిన్ని. రోజూ సాయంత్రం వచ్చి ఏమీ మాట్లాడకుండా బట్టలు మడత పెట్టి వెళ్లేది. అక్క పోయిన బాధ ఏదిగానూ మారలేదు, అలాగే ఉంది, మారాలని నాకు లేదు కూడా.

బాల్కనీమాలి గారూ, మీరేదో తప్పు చేస్తున్నారని నాకనిపించట్లేదు. మీరు తోటా, తోటమాలీ, తోటని చూడ్డానికొచ్చి మార్కులేసే జడ్జీ, ముగ్గురూ మీరే అయి కూర్చున్నారు. కనీసం ఆ మూడో ఆయన్ని ఇంటికి పంపించేయండి.

ఊరికేచదువుతా:

అన్నా ఒక్క ప్రశ్న. ఇంతకీ ఆ కుర్రాడికి సారీ చెప్పావా?

బాల్కనీమాలి:

రెండు వారాలుగా అందరివీ మళ్లీమళ్లీ చదువుతున్నాను, జవాబు ఆలస్యమైంది.

ఊరికేచదువుతా, నీ ప్రశ్న చూసిన రాత్రి నిద్ర పట్టలేదు తమ్ముడూ. చెప్పలేదు. ఆ అరుపు మీద నోట్‌బుక్‌లో రెండు పేజీలు రాశాను, నా గతం, నా స్వభావం, నాన్నగారి కోపం, అన్నీ. ఆ కుర్రాడి పేరు అందులో ఒక్కసారి కూడా లేదు. మర్నాడు టీ టైంలో వెళ్లి చెప్పాను, అందరి ముందూ అరిచాను కాబట్టి అందరి ముందే. పర్లేదు సార్ అన్నాడు. మొహం చూస్తే పర్లేదన్నట్టు లేదు. సరే, అది అతనిష్టం.

పాతకాపు గారూ, మీరు చెప్పినట్టు వెనక్కి వెళ్లి చూశాను. గట్టిగా అరిచిన రోజులు ఐదు గుర్తున్నాయి, అందులో నాలుగు రోజులు మధ్యాహ్నం భోజనం మానేసి మీటింగుల్లో ఉన్నవే. సిగ్గుగా ఉంది, ఇంత చిన్నదానికా ఏడాదంతా ఆత్మపరిశీలన చేసింది! పూర్తిగా అదే అని కూడా అనట్లేదు, ఐదో రోజు సుబ్బరంగా తిన్నాను మరి.

ఎండుటాకు గారూ, మీకేం రాయాలో తెలియలేదు. రెండుసార్లు రాసి తీసేశాను. మీ పిన్నిగారి సంగతి మాత్రం గుర్తుండిపోతుంది.

మూడోసారి నారు పోశాను. వేలు పెట్టి చూసే నీళ్లు పోస్తున్నా, తవ్వి చూడలేదు. మొలకలొచ్చి ఇవాళ్టికి ఆరో రోజు, కాడలు నల్లబడలేదు. కాకపోతే అన్నీ సన్నగా పొడుగ్గా సాగిపోయి ఒక పక్కకి వంగుతున్నాయి, మెడలు చాచి ఎవరికోసమో చూస్తున్నట్టు. ఇదీ రోగమేనా?

మట్టిగోళ్లు:

రోగం కాదు, వెలుతురు చాలట్లేదు, ఎటుంటే అటు ఎగబాకుతున్నాయి. అలాగని ఇవాళే తీసుకెళ్లి ఎర్రటి ఎండలో పెట్టకండి, ఆకులు తెల్లబడి మాడిపోతాయి. మొదటి రోజు పొద్దుటెండలో ఓ గంట, తర్వాత రోజుకి కాస్త కాస్త పెంచుతూ వారం పది రోజులు అలవాటు చేయండి. గాలి తగలనివ్వండి, ఊగితేనే కాడ లావెక్కుతుంది. గాలి రాని చోటైతే రోజుకోసారి అరచేత్తో పైపైన నిమిరినా సరిపోతుంది. ఒక్కసారి చాలు, మీ సంగతి తెలుసు కాబట్టి ముందే చెబుతున్నా. నాటేటప్పుడు ఆ సాగిన కాడని మొదటి ఆకుల దాకా మట్టిలో పూడ్చేయండి, టమాటాకి కాడ పొడుగునా కొత్త వేళ్లొస్తాయి.