మార్చి మొదట్లో లేక్ ఫోర్క్: ఉత్తరపు గాలి తర్వాత క్రాపీలు ఎక్కడికి పోతున్నాయి?

గట్టుమీద_గాలం (ఫ్రిస్కో, టెక్సస్)

నమస్కారం అందరికీ. డాలస్‌కు తూర్పున లేక్ ఫోర్క్‌లో చేపలు పట్టేవాళ్లు ఇక్కడ ఉంటే మీ సాయం కావాలి. డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే చెబుతున్నాను.

పోయిన బుధవారం మధ్యాహ్నం ఎండ 78. ఒక వాగు మొదట్లో, నడుము లోతు నీళ్లలో ఉన్న పొదల పక్కన బెండు వేసి కూర్చుంటే రెండు గంటల్లో 11 క్రాపీలు (ఇక్కడి మంచినీటి చేపలు) పడ్డాయి. అన్నీ పది అంగుళాలు దాటినవే. గురువారం రాత్రి వాన. శుక్రవారం మధ్యాహ్నం ఉత్తరపు గాలి దిగింది. శనివారం తెల్లవారేసరికి 34, ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. అదే వాగు, అవే పొదలు, అదే ఎర. మిత్రుడి పడవలో ఆరు గంటలు తిరిగితే రెండు చేపలు. అందులో ఒకటి తొమ్మిది అంగుళాలే, వదిలేశాను. బుధవారం 61 చూపించిన నీరు శనివారం 53 చూపించింది. పైగా వాగు నీళ్లు టీ రంగుకు తిరిగాయి.

నేను ఇంత పట్టుదలగా అడగడానికి కారణం ఉంది. రాజమండ్రి దగ్గరి పల్లె నుంచి మా నాన్నగారు వచ్చి ఉన్నారు. కాలువ గట్టు మీద నాకు గాలం పట్టడం నేర్పింది ఆయనే. ఈ నెల 20న ఆయన తిరుగు ప్రయాణం. వచ్చే శనివారం ఆయనను తీసుకువెళ్లాలి. మన దగ్గర శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కానీ ఇక్కడ మార్చి చివరి దాకా ఉత్తరపు గాలి వచ్చి పోతూనే ఉంటుంది. ఆ రోజు కూడా చలిగాలి ఉంటే ఏం చేయాలి?

మునిగిన_మోడు (టైలర్, టెక్సస్)

తమ్ముడూ, చేపలు ఎక్కడికీ పోలేదు. మీరు బుధవారం వాటిని చూసిన చోటు వాటి ఇల్లు కాదు, అంతే. నేను ఈ చెరువులో 14 ఏళ్లుగా క్రాపీ పడుతున్నాను. ప్రతి మార్చిలో ఈ ప్రశ్న ఎవరో ఒకరు నన్ను అడుగుతారు, మొదటి రెండేళ్లు నేనూ అడిగాను.

క్రాపీలు గుడ్లు పెట్టేది నీరు 60 దాటి, 65 దాకా వచ్చి, అక్కడ కొన్నాళ్లు నిలిచినప్పుడు. బుధవారం మీకు కనబడిన 61 పైన ఉన్న రెండడుగుల నీటిది మాత్రమే. ఎండకు పై పొర వేడెక్కితే చిన్న చేపపిల్లలు ఒడ్డుకు వస్తాయి, వాటి వెనుక క్రాపీలు వస్తాయి. తిని పోవడానికి వచ్చినవే కానీ కాపురానికి వచ్చినవి కావు. గాలి దిగి పై నీటిని కింది నీటితో కలిపేసరికి ఆ పల్చటి వేడి పొర ఒక రాత్రిలో మాయమైంది. అవి దగ్గరలో ఉన్న మొదటి లోతుకు దిగిపోయాయి.

ఆ మొదటి లోతు ఎక్కడో తెలుసుకోవడమే మార్చి నెలలో అసలు పని. ఈ చెరువు 1980లో ఆనకట్ట పూర్తయ్యాక నిండింది, 27 వేల ఎకరాలు దాటి ఉంటుంది. నీళ్లు నింపేటప్పుడు చెట్లను చాలా చోట్ల అలాగే వదిలేశారు. పాత వాగుల గాడులు అడుగున ఇప్పటికీ ఉన్నాయి. మీ వాగు నోటి వైపు వెనక్కి వస్తుంటే, పాత గాడి మలుపు తిరిగి ఒడ్డుకు దగ్గరగా వచ్చే చోటు ఒకటి తగులుతుంది. అక్కడ 12 నుంచి 18 అడుగుల లోతులో నిలువు మోడులు ఉంటే ఇంకెక్కడికీ వెళ్లకండి. చలిగాలి తర్వాత క్రాపీలు మోడును ఆనుకుని, దాదాపు తాకుతూ ఉంటాయి. అడుగున్నర దూరంలో ఎర పడినా కదలవు.

ఒక చిన్న థర్మామీటరును దారానికి కట్టి పది అడుగుల లోతుకు దించి చూడండి. పడవలోని యంత్రం చెప్పేది పై నీటి సంగతి. నేను నమ్మేది ఆ పది అడుగుల అంకెను.

తెల్లమచ్చ_నల్లమచ్చ (ప్లేనో, టెక్సస్)

ఒక సందేహం. లేక్ ఫోర్క్‌లో చిన్న క్రాపీని వదలకూడదని విన్నాను. మీరు తొమ్మిది అంగుళాల చేపను వదిలేశానన్నారు, అది తప్పు కాదా?

మునిగిన_మోడు (టైలర్, టెక్సస్)

మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే పొరబడతారు. డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి రోజు వరకు లేక్ ఫోర్క్, లేక్ ఓ ద పైన్స్ రెండింటిలోనూ క్రాపీకి కనీస పొడవు లేదు. పట్టిన ప్రతి క్రాపీని ఉంచుకోవాల్సిందే, 25 నిండగానే ఆపేయాలి. మార్చి 1 నుంచి మామూలు నియమమే: పది అంగుళాలకు తక్కువ ఉంటే వదలాలి, రోజుకు తెల్ల క్రాపీ, నల్ల క్రాపీ రెండు రకాలూ కలిపి 25. కాబట్టి ఆయన చేసింది సరైన పనే.

చలికాలపు నియమం వెనుక కారణం తెలిస్తే దాన్ని ఎవరూ విసుక్కోరు. క్రాపీ గాలితిత్తికి, అంటే చేప తేలడానికి లోపల ఉండే గాలి సంచికి, గొంతుతో దారి లేదు. చలికాలంలో అవి బాగా లోతుకు దిగిపోతాయి. అక్కడి నుంచి గబగబా పైకి లాగితే లోపలి గాలి వ్యాకోచించి పొట్ట ఉబ్బుతుంది, కళ్లు పొడుచుకు వస్తాయి. నీటిలో వదిలినా అలాంటి చేపలు చాలావరకు బతకవు. పెద్ద వాటి కోసం చిన్నవాటిని వదులుతూ పోతే వంద చేపలను చంపి 25 ఇంటికి తెచ్చినట్టు అవుతుంది. మార్చిలో కూడా 30 అడుగుల లోతులో పడుతున్నప్పుడు చిన్నవే వస్తుంటే నేను ఆ చోటు వదిలి వెళ్లిపోతాను. చట్టం అడగకపోయినా చేయవలసిన పని అది.

మంచుచెరువు (నేపర్‌విల్, ఇల్లినాయ్)

మాది చలి ప్రాంతం. నా అనుభవం పై సలహాకు కొంచెం ఎదురుగా ఉంటుంది, అయినా చెబుతాను. మా దగ్గర చెరువు మీద మంచు కరిగిన వారం పది రోజుల్లోనే క్రాపీలు మూడు నాలుగు అడుగుల నీళ్లలోకి వస్తాయి, అప్పటికి నీరు 45 కూడా ఉండదు. అడుగున నల్లటి బురద ఉన్న, ఉత్తరపు ఒడ్డున ఉన్న చిన్న పాయలు చూసుకుంటాను. సూర్యుడు ఇంకా దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి ఎండ నేరుగా పడేది ఉత్తరపు ఒడ్డుకే. ఉత్తరపు గాలి కూడా అక్కడ తగలదు. మధ్యాహ్నం రెండు నుంచి సూర్యాస్తమయం వరకే పని. పొద్దున్నే వెళ్లి వణుకుతూ కూర్చోవడంలో నాకు ఏ లాభమూ కనబడలేదు.

మీకు శనివారం పడకపోవడానికి లోతు ఒక కారణమైతే, వేళ కూడా ఒక కారణం కావచ్చు. ఎన్ని గంటలకు వెళ్లారు?

గట్టుమీద_గాలం

ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి పన్నెండున్నరకు వచ్చేశాం. బుధవారం వెళ్లింది మాత్రం మధ్యాహ్నం మూడింటికి. ఇది నాకు తట్టనేలేదు.

ఉండేలు_దెబ్బ (కమ్మింగ్, జార్జియా)

మా లేక్ లేనియర్‌లో నీళ్లు తేటగా, లోతుగా ఉంటాయి, కాబట్టి పద్ధతి వేరు. ఇళ్లవాళ్ల పడవల రేవుల కిందే క్రాపీలు నీడకు చేరతాయి. జిగ్‌ను (సీసపు గుండు ఉన్న కొక్కెపు ఎరను) వేళ్లతో పట్టుకుని, కర్రను విల్లులా వంచి, ఉండేలు కొట్టినట్టు రేవు కిందికి వదులుతాం. కొక్కెం వేలిలో దిగకుండా పట్టుకోవడం ముందు ఇంట్లో నేర్చుకోండి.

మీకు పనికొచ్చే మాట ఒకటే. చలిగాలి తర్వాత ఎరను తగ్గించండి. ఔన్సులో పదహారో వంతు జిగ్ వాడేచోట ముప్పై రెండో వంతుకు దిగండి, దారం నాలుగు పౌండ్లది చాలు. ఎర ఎంత నెమ్మదిగా దిగితే అంత మేలు. ఆ చలిలో అవి తరమవు, నోటి ముందుకు వచ్చినదాన్నే పీల్చుకుంటాయి.

తెల్లమచ్చ_నల్లమచ్చ

ముందుకు చూసే సోనార్ కొంటే ఈ వెతుకులాట అంతా తప్పుతుంది కదా? మా సహోద్యోగి ఒకరు తెరమీద ఒక్కొక్క చేపనూ చూసి పడుతున్నారు.

మునిగిన_మోడు

నా దగ్గర ఉంది, రెండేళ్లుగా వాడుతున్నాను. చేప ఎక్కడుందో అది చూపిస్తుంది, నోరు తెరిపించలేదు. చలిగాలి మర్నాడు తెరమీద ఒకే మోడు చుట్టూ 30 చేపలు కనబడుతూ ఉంటే గంటసేపు ఒక్కటీ ముట్టుకోని రోజులు నాకు ఉన్నాయి. అయితే దానివల్ల ఒక విషయం కళ్లారా తెలిసింది. ఎర, చేప ఉన్న లోతు కంటే కిందికి పోతే చేప ఇక దాన్ని పట్టించుకోదు. అడుగు పైన నిలిపితే కాసేపు చూసి లేస్తుంది. క్రాపీ కళ్లు పైకి చూసే కళ్లు. చేప 14 అడుగుల్లో ఉందంటే నా ఎర 13 దగ్గర ఆగుతుంది. ఆగాలి అంటే నిజంగా ఆగాలి, చేయి కదపకూడదు.

బురద నీటి సంగతి ఎవరూ ఎత్తలేదు. టీ రంగు వరకు భయం లేదు. ముదురు నలుపు లేదా కళ్లు చెదిరే పసుపుపచ్చ ఎర వేయండి, మోడుకు ఇంకా దగ్గరగా వేయండి. అరచేయి నీళ్లలో పెడితే వేళ్లు కనబడనంత బురద అయితే వాగు వదిలి చెరువు వైపు వచ్చేయండి.

రేవుపక్క_ఇల్లు (ఇర్వింగ్, టెక్సస్)

పెద్దాయనతో వెళ్తున్నారు కాబట్టి చేపల కంటే ముందు రెండు మాటలు. మూడేళ్ల కిందట ఇలాంటి మార్చి ఉదయమే మావారు పడవ దించే వాలు మీద కాలు జారి నీళ్లలో పడ్డారు. నీటి లోతు ఛాతీ దాకానే. ఆయనకు ఈత బాగా వచ్చు. అయినా మొదటి నిమిషం ఊపిరి తీసుకోలేకపోయారు, ఆ చలికి శరీరం అలా బిగుసుకుపోతుంది. లైఫ్ జాకెట్ వేసుకుని ఉన్నారు కాబట్టి తల పైనే ఉంది. పడవ ఎక్కాక వేసుకుందాం అనుకోకండి, కారు దిగగానే వేయించండి. పొడి బట్టల జత ఒకటి కారులో ఉండాలి. ఆ చెరువులో నీటి కిందే ఆగిపోయిన మోడులు చాలా ఉంటాయి, గాలి గంటకు 20 మైళ్లు దాటితే అసలు దిగవద్దు.

లైసెన్సు సంగతి. మన దేశం నుంచి వచ్చినవారికి కూడా లైసెన్సు కావాలి, ఒక్కరోజుది దొరుకుతుంది. కానీ టెక్సస్ స్టేట్ పార్కుల లోపల ఒడ్డు మీద నుంచో రేవు మీద నుంచో పడితే లైసెన్సు అక్కర్లేదు. మా అత్తగారు వచ్చినప్పుడు రే రాబర్ట్స్ చెరువు పార్కుకు, లేక్ తవాకోనీ పార్కుకు తీసుకువెళ్లాను. ఆమె కుర్చీలో కూర్చుని, శాలువా కప్పుకుని పట్టారు. గాలి ఎక్కువగా ఉంటే మీరు కూడా పడవ మానేసి అటు వెళ్లండి. మరో సంగతి, పట్టిన చేపల తల, తోక పడవ మీద కోయకూడదు, ఒడ్డుకు చేరి పూర్తిగా దిగాకే.

ఉండేలు_దెబ్బ

లేక్ ఫోర్క్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. టెక్సస్‌లో ఇప్పటివరకు పట్టిన అతి పెద్ద లార్జ్‌మౌత్ బాస్ (పెద్ద నోటి వేటచేప), 18.18 పౌండ్లది, అక్కడిదే. 1992 జనవరిలో బ్యారీ సెయింట్ క్లెయిర్ పట్టారు. ఆయన వేసింది క్రాపీ కోసం, ఎర చిన్న చేపపిల్ల! అందుకే ఆ చెరువులో సన్న దారం వేసేవాళ్లు రీలు బిగింపు కొంచెం వదులుగా ఉంచుకోవాలి.

రేవుపక్క_ఇల్లు

బాస్ పడితే కొలత చూడండి. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను వదిలేయాలి.

గట్టుమీద_గాలం

ఆదివారం రాత్రి రాస్తున్నాను. నిన్న వెళ్లి వచ్చాం.

గురువారం మళ్లీ ఉత్తరపు గాలి వచ్చింది, శనివారానికి నెమ్మదించింది. ఉదయం వెళ్లలేదు. నాన్నగారికి లైసెన్సు తీసుకుని, జాకెట్ కారు దగ్గరే వేయించి, ఒంటిగంటకు పడవ దించాం. థర్మామీటరు పది అడుగుల్లో 52 చూపింది, పైన 55. పొదల వైపు వెళ్లనే లేదు. గాడి మలుపు వెతకడానికి 40 నిమిషాలు పట్టింది. 16 అడుగుల లోతులో నాలుగు మోడులు వరుసగా దొరికాయి.

నేను బెండు కట్టాను. నాన్నగారు బెండు వద్దన్నారు, దారం చూపుడువేలి మీద వేసుకుని నల్లటి జిగ్‌ను నేరుగా కిందికి దించి కూర్చున్నారు. అరగంట ఏమీ లేదు. ఉన్నట్టుండి ఆయన కర్ర ఎత్తారు, చేప! నాకు కర్ర కొన వంగినట్టు కూడా కనబడలేదు. ఎలా తెలిసిందని అడిగితే, "లాగలేదురా, బరువు పోయింది" అన్నారు. దారం వదులైన క్షణాన్ని ఆయన వేలు పట్టేసింది. పన్నెండు అంగుళాల నల్ల క్రాపీ, వీపు ముళ్లు ఏడు లెక్కపెట్టాను. దానికి పెదవి పల్చగా కాగితంలా ఉంటుందని ముందే చెప్పాను కాబట్టి ఆయన గుంజలేదు, నెమ్మదిగా తెస్తే నేను చేతివల పట్టాను.

నేనూ బెండు తీసేశాను. ఐదున్నర వరకు ఆయనకు ఆరు, నాకు మూడు. బుధవారం 11తో పోల్చి చూస్తే తక్కువే. కానీ నాకు ఈ తొమ్మిదే ఎక్కువ.

మునిగిన_మోడు

తమ్ముడూ, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. క్రాపీ కింది నుంచి లేచి ఎరను నోట్లోకి తీసుకుంటుంది. అప్పుడు జిగ్ బరువు చేప మీద పడి దారం వదులవుతుంది. లాగే కాటు కోసమే చూసేవాడు చలిరోజుల్లో సగం చేపలను పోగొట్టుకుంటాడు. ఇది అర్థం కావడానికి నాకు మూడు చలికాలాలు పట్టింది.

తెల్లమచ్చ_నల్లమచ్చ

వాటితో పులుసు పెట్టారా?

గట్టుమీద_గాలం

పులుసుకు ఆ కండ నిలవదు, విడిపోతుంది. చర్మం, ముళ్లు తీసేసి ఉప్పు, పసుపు, కారం, కొంచెం నిమ్మరసం పట్టించి, బియ్యప్పిండిలో దొర్లించి వేయించింది మా ఆవిడ. నాన్నగారు చందువా కంటే మెత్తగా ఉందన్నారు. 18న మధ్యాహ్నం ఆయనతో మళ్లీ వెళ్తున్నాను, ఈసారి చెరువు మీద 154 నంబరు రోడ్డు వంతెన స్తంభాల దగ్గరికి. ఆకుపచ్చ అల్యూమినియం పడవ, మెడకు మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన కనబడితే మేమే. దగ్గరికి రండి.