‘గారపళ్ల ముప్పు ఆరు రెట్లు’ అనవచ్చునా?

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్లల గారపళ్ల (ఆ నీళ్ల వల్ల మచ్చలు పడిన పళ్ల) మీద వ్యాసం తెలుగు చేస్తున్న మిత్రులు, కేస్-కంట్రోల్ అధ్యయనంలోని (జబ్బు ఉన్నవారిని, లేనివారిని ఎంచుకుని, గతంలో వారు ఏం తాగారో పోల్చేది) ‘ఆడ్స్ రేషియో 6’ను ‘ముప్పు ఆరు రెట్లు’ అని రాయవచ్చునా అని అడిగారు. రాయకూడదు. ముప్పు అంటే నూటికి ఎందరికి జబ్బు వస్తుందన్నది; ఆడ్స్ అంటే వచ్చినవారికి, రానివారికి ఉన్న నిష్పత్తి; ఒక గుంపు ఆడ్స్ మరో గుంపు ఆడ్స్‌కు ఎన్ని రెట్లో చెప్పేది ఆడ్స్ రేషియో.

ఊహించిన అంకెలతో చూద్దాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగే వంద మంది పసిపిల్లలను, మంచి నీళ్లు తాగే మరో వంద మందిని పళ్లు వచ్చేదాకా గమనిస్తే, మొదటి గుంపులో 60 మందికి, రెండో గుంపులో 20 మందికి గారపళ్లు తేలాయనుకుందాం. ఇలా గుంపులను మొదటినుంచి గమనిస్తూ పోయేది కోహార్ట్ అధ్యయనం, ఇందులో ముప్పు మూడు రెట్లని నిస్సంకోచంగా రాయవచ్చు. అవే అంకెలకు ఆడ్స్ రేషియో కడితే, 60కి 40 అంటే 1.5, 20కి 80 అంటే 0.25 కాబట్టి, ఆరు వస్తుంది.

కేస్-కంట్రోల్‌లో గారపళ్లు ఉన్నవారిని, లేనివారిని ఎందరెందరిని తీసుకోవాలో పరిశోధకుడే నిర్ణయిస్తాడు కనుక నూటికి ఎందరికి వస్తుందన్న లెక్క అందులో పుట్టదు. లేనివారిని రెట్టింపు తీసుకుంటే శాతాలన్నీ మారిపోతాయి గాని ఆడ్స్ రేషియో ఆరుగానే నిలుస్తుంది. జబ్బు అరుదైతే ఆడ్స్ రేషియో, ముప్పుల నిష్పత్తి దగ్గరగా వస్తాయని 1951లో గణాంక శాస్త్రవేత్త కార్న్‌ఫీల్డ్ చూపించాడు, పొగతాగడం, ఊపిరితిత్తుల క్యాన్సర్‌పై 1950లో డాల్, హిల్ చేసిన కేస్-కంట్రోల్ అధ్యయనం వంటివాటికి ఆడ్స్ రేషియోను ముప్పుగా చెప్పుకునే వెసులుబాటు ఉంది. ఫ్లోరైడ్ ఊళ్లలో గారపళ్లు అరుదు కావు, కనుక ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

అందుకే వాక్యం పొడుగైనా ఇలా రాయమంటాను: ‘గారపళ్లున్న పిల్లల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారికి, తాగనివారికి ఉన్న నిష్పత్తి, గారపళ్లు లేని పిల్లల్లోని అదే నిష్పత్తికి ఆరు రెట్లు.’ ‘ఆరు రెట్లు ఎక్కువ’ అనవద్దు. పట్టుదల గల పాఠకుడు దాన్ని ఏడుగా లెక్కిస్తాడు.

మరొకరి ప్రశ్న: కోహార్ట్ అని కనబడితే ‘ముప్పు’ అని ధైర్యంగా రాసేయవచ్చా?

జవాబు: పేరొక్కటే చాలదండి. కోహార్ట్ అంకెలను లాజిస్టిక్ రిగ్రెషన్‌ అనే గణాంక పద్ధతిలో పెట్టినా వచ్చేది ఆడ్స్ రేషియోనే. పట్టిక పైవరుసలో ఏ నిష్పత్తి అని ఉందో చూసి, ఆ తరువాతే మాట ఎంచుకోండి.