ఈ వారం సమస్య: కొట్టువాఁడె మంచి చుట్టమయ్యె

సమస్య ఇచ్చినవారు:
ఇది పద్యం చివరి పాదం, ముందు మూడు పాదాలూ మీరు కట్టి అర్థం కుదర్చాలి. ఛందస్సు ఆటవెలది. 'కొట్టు–చుట్ట' ప్రాసయతి (రెండో అక్షరాలు కలవడం) కుదిరింది, గమనించండి. కొట్టేవాడు చుట్టమెలా అవుతాడన్నదే చిక్కు. దాన్ని షరాబు, అంటే నాణేలు పరీక్షించి మార్చేవాడి మీదుగా విప్పాలి.

షరాబు అన్న మాట గురించి కొంచెం చెబుతాను. అరబ్బీలో 'సర్ఫ్' అంటే మార్పిడి, ఆ పని చేసేవాడు 'సర్రాఫ్'. పారసీ మీదుగా మన దేశానికి వచ్చి ఉత్తరాదిన సరాఫ్ అయింది, మన నోట షరాబు అయింది. ఇంగ్లీషువాళ్ళు ష్రాఫ్ అన్నారు. వాళ్ళ ఓడలెక్కి అది చైనా రేవులకూ పోయింది. హాంకాంగ్ కార్ పార్కింగుల్లో డబ్బు కట్టే కౌంటర్‌ని ఇప్పటికీ ష్రాఫ్ అనే అంటారు. నాణెం మంచిచెడ్డలు చెప్పగలిగిన మాట చివరికి పార్కింగ్ చీటీ దగ్గర ఆగడం నాకు బాధగానే ఉంటుంది.

షరాబు అన్న మాట జగణం (లఘువు, గురువు, లఘువు), పాదం మొదట్లో ఇమడదు. 'ఆ షరాబు' అంటే రెండు హగణాలు (గురువు, లఘువు) సరిపోతాయి.

మొదటి పూరణ:
వెండి రూక పట్టి వేలికొనను మీటి
నాదమందు గుణము నరసి చెప్పి
మోసపోవకుండ మొనసి కాచుటచేత
కొట్టువాఁడె మంచి చుట్టమయ్యె.

సమస్య ఇచ్చినవారు:
రెండో పాదం చాలా బాగుంది. నాదంలో గుణం వెతకడమే షరాబు పని. కానీ వేలికొనతో మీటినవాడు కొట్టినట్టు ఎలా అవుతుందండీ? మీటడం వేరు, కొట్టడం వేరు. సమస్యకు ప్రాణమైన మాటే పద్యంలో ఆధారం లేకుండా మిగిలింది. మొదటి పాదం మార్చి చూడండి.

రెండో పూరణ:
ఊరుమారినంత నొక్కొక్క నాణెము
విలువ మారుచుండ, వెతలు తీర్చి
వట్టమింత యనుచు వడివడి లెక్కించు
కొట్టువాఁడె మంచి చుట్టమయ్యె.

సమస్య ఇచ్చినవారు:
కొట్టు అంటే దుకాణం! ఒక్క విరుపుతో చిక్కు విడిపోయింది. 'వట్టం' సరైన చోట పడింది, మార్పిడిలో పట్టే తరుగుకి మన అసలు మాట అదే. చెన్నపట్నంలో ఒకప్పుడు ఒక వరహాకి 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు, అంటే వరహాకి 3360 కాసులు. దీనికి తోడు రకరకాల రూపాయలు, వాటిలో అరిగినవి కొన్ని. ఈస్టిండియా కుంపెనీ ఏలుబడిలో 1835లో అన్నిచోట్లా ఒకే రూపాయి అనేదాకా ఈ లెక్క తేల్చడానికి షరాబు లేనిదే సంత సాగేది కాదు. 'వెతలు తీర్చి' అనడం అతిశయోక్తి కాదు.

మూడో పూరణ (కొత్త సభ్యుడు):
మధువు పోయువాఁడు మాటిమాటికి వచ్చి
బాకి తీర్చుమంచు బాదుచున్నఁ
తాగుబోతు కతఁడు తప్పనివాఁడౌచు
కొట్టువాఁడె మంచి చుట్టమయ్యె.

సమస్య ఇచ్చినవారు:
బాబూ, గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. మొదటి ప్రయత్నానికి ఇది చిన్న విషయం కాదు. మాట దగ్గరే పొరపాటు జరిగింది. నువ్వు అనుకున్నది శరాబు, అంటే మద్యం. అది తాగడం అనే ధాతువు నుంచి వచ్చింది. మనది షరాబు, మార్పిడి నుంచి వచ్చింది. తెలుగులో ఫకారం బకారమైపోవడంతో రెండూ దగ్గరగా వినిపిస్తాయి. ఇంకొకటి రాయి, ఎదురుచూస్తాను.

నాలుగో పూరణ:
చీనరేవులందుఁ జేరిన డాలరు
మేలిదగుట తెలిసి మీఁద ముద్ర
నలుగురెదుటఁ జక్క నమ్మికఁ గలిగించి
కొట్టువాఁడె మంచి చుట్టమయ్యె.

సమస్య ఇచ్చినవారు:
ముద్ర కొట్టడం! ఇది నాకు తట్టలేదు. స్పెయిన్, మెక్సికో వెండి డాలర్ల మీద చైనా వర్తకులు, షరాబులు పరీక్షించి గుర్తులు కొట్టేవారు. కొన్నిటి మీద గుర్తులు నిండిపోయి అసలు బొమ్మే కనపడదు. అక్కడి కాంటన్ రేవుపట్నంలో ఈ విద్య నేర్పడానికి బడులుండేవి. పిల్లల సాధన కోసం గురువులు దొంగ నాణేలు దగ్గర పెట్టుకునేవారట. 'చక్క' ఒక్కటే పాదం నింపడానికి వచ్చినట్టుంది, మిగతాదంతా గట్టి పద్యం.

ఒక పెద్దాయన:
మా తాతగారు ఖజానాలో షరాబు. వెండి రూపాయిని గడప ముందు నాపరాయి మీద వదిలి, తల కాస్త వంచి వినేవారు. మంచిదైతే ఖంగున మోగి ఆ మోత కాసేపు గాలిలో నిలిచేది. సీసం కలిసినదైతే టప్పున పడి ఊరుకునేది. మాట్లాడకుండా దాన్ని ఎడమవైపుకి నెట్టేవారు. మొదటి పూరణ రాసిన అమ్మా, వేలికొన వదిలి రాయి పట్టుకో.

మొదటి పూరణ రాసినవారు:
నమస్కారం తాతగారూ, పట్టుకున్నాను:

వెండి రూక తెచ్చి బండపైఁ బడవేసి
నాదమందు గుణము నరసి చెప్పి
మోసపోవకుండ మొనసి కాచుటచేత
కొట్టువాఁడె మంచి చుట్టమయ్యె.

సమస్య ఇచ్చినవారు:
వెండి–బండ, ప్రాసయతి కూడా దానంతటదే వచ్చింది. ఖంగుమంది తల్లీ!