తాతల కాలం పేర్లు ఎప్పుడు తగ్గాయో లెక్కగట్టడం ఎలా?

తాళపత్రం:
పెంచలయ్య, అప్పలనాయుడు, ఓబులేసు లాంటి పేర్లు ఏ దశాబ్దంలో తగ్గాయో, రమేష్, సునీత ఎప్పుడు ఊపందుకున్నాయో అంకెల్లో చూడాలనుంది. ఓటర్ల జాబితాలతో పని జరుగుతుందా? రెండు పోలింగ్ కేంద్రాలవి లెక్కపెట్టి చూశాను. ఏ పేరు చూసినా నలభై ఏళ్ల వాళ్లలోనే ఎక్కువ కనిపిస్తోంది. ఎక్కడ తప్పుతున్నాను?

అంకెలగారడీ:
మీరు తలలు లెక్కపెడుతున్నారు, వాటా లెక్కపెట్టాలి. డెబ్భై దాటినవాళ్లు జాబితాలో ఎలాగూ తక్కువ. ఆ వయసు వాళ్లు 200 మందిలో సుబ్బమ్మలు 8 మంది ఉంటే 4 శాతం. నలభైల్లో 800 మందికి అదే 8 అంటే 1 శాతమే.

జాబితా ఏడాదిలోంచి వయసు తీసేస్తే పుట్టిన ఏడు వస్తుంది, ఒకటి అటూఇటూగా. పెద్దవాళ్ల వయసులు ఉజ్జాయింపుగా రాయించినవి, 60, 65, 70 దగ్గర కుప్పపడి ఉంటాయి. అందుకని 58–62, 63–67 అని ఐదేళ్ల చొప్పున విడగొట్టండి, ఆ కుప్ప మధ్యలో పడుతుంది. 60–64 అని కడితే ఒక గుంపు ఉబ్బి పక్కది చిక్కిపోతుంది.

తండ్రి పేరు గడి ఇంకో తరాన్ని ఉచితంగా ఇస్తుంది. కాకపోతే నలుగురు అన్నదమ్ములుంటే ఒకే తండ్రి నాలుగుసార్లు లెక్కలోకి వస్తాడు. ఇంటి నంబరు, ఇంటిపేరు, తండ్రి పేరు మూడూ కలిస్తే ఒకరిగానే తీసుకోండి. భర్త పేరున్న గడులు ఈ లెక్కలో వదిలేయండి.

బొమ్మ రూపంలో ఉన్న పీడీఎఫ్ నుంచి, బొమ్మలోని రాతను చదివే సాఫ్ట్‌వేర్ అయిన ఓసీఆర్‌తో అక్షరాలు తీస్తే ‘మ’ కాస్తా ‘వు’ అయిపోతుంది. రామయ్య ‘రావుయ్య’గా వస్తాడు. ఒక్కసారే కనిపించే పేర్లన్నీ కంటితో చూడక తప్పదు.

గోదారిగట్టు:
ఆడవాళ్ల పేర్లకు ఒక్క ఊరు చాలదండి. కోడళ్లు బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, కొందరికి అత్తింట్లో పేరు మార్చే ఆచారమూ ఉండేది. మండలం మొత్తం తీసుకోండి.

మీరు చెప్పిన మూడూ క్షేత్రాలకు కట్టుబడ్డ పేర్లు. పెంచలయ్య నెల్లూరు వైపు పెంచలకోనది, అప్పన్న సింహాచలంవాడు, ఓబులేసు అహోబిలేశుడే. అలాగే యాదగిరి, కొమురయ్య తెలంగాణలో. రాష్ట్రం మొత్తం మీద వాటా తీస్తే పలచబడి, అసలెప్పుడూ పెద్దగా లేనట్టు కనిపిస్తాయి. జిల్లాల వారీగా తీయాలి.

పెంటయ్య, పుల్లయ్య సంగతి వేరు. పిల్లలు దక్కనప్పుడు దిష్టి తగలకుండా, మృత్యువు కన్ను పడకుండా పెట్టిన పేర్లవి. దేశంలో వెయ్యి జననాలకు శిశుమరణాలు 1971లో 129, 2020లో 28. ఆ భయం తగ్గాక ఆ పేర్లతో పనేముంది? వీటిని ఫ్యాషన్ మారడం కింద జమకట్టొద్దు.

డల్లాస్‌పిల్లి:
పోల్చడానికి అమెరికా సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛన్ల సంస్థ) వాళ్ల పేర్ల ఫైళ్లు చూడండి, 1880 నుంచి ఏడాదికొకటి ఉచితం. 1946 దాకా ఆడపిల్లల్లో మేరీదే మొదటి స్థానం, 1947లో లిండా లాక్కుంది, 1970 నుంచి 1984 దాకా జెన్నిఫర్. వేగంగా ఎక్కిన పేర్లు వేగంగానే దిగుతుంటాయి. ఏడాదిలో ఐదుగురికన్నా తక్కువమందికి పెట్టిన పేరు అందులో ఉండదు, స్పెల్లింగ్ మారితే వేరే పేరు కిందే లెక్క. మనవాళ్ల ‘సాన్వి’కి ఒక ‘ఏ’, రెండు ‘ఏ’లు పెట్టినవి రెండూ కూడుకోవాలి.

తాళపత్రం:
వాటా సంగతి అర్థమైంది, ధన్యవాదాలు. మరి వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు, వెంకటేష్ ఒకటా, మూడా?

అంకెలగారడీ:
రెండు గడులు పెట్టండి: మొదలు ఒకదాంట్లో, తోక ఇంకోదాంట్లో. ‘వెంకట’ తరాలు దాటి నిలుస్తుంది. లు, రావు, ష్ మారడమే మీరు వెతుకుతున్న గీత. అయ్య, అమ్మలకూ ఇదే పద్ధతి. కుమార్ దగ్గర మాత్రం జాగ్రత్త, అది ఒక్కోసారి తోక, ఒక్కోసారి అదే అసలు పేరు.