గాసిప్ పత్రికల కవర్ పేజీ విశ్లేషణ: ఎక్కడ తప్పుతున్నాను?

మీడియా స్టడీస్ అసైన్‌మెంట్ కోసం రెండు బ్రిటిష్ పత్రికల కవర్లు పోల్చి రాస్తున్నాను. ఒకటి 1988లో మొదలైన హలో, రెండోది 1999లో వచ్చిన హీట్.

హలో పత్రిక తీరు తేలిగ్గానే అర్థమైంది. సెలబ్రిటీ ఫోజిచ్చి మన కళ్లలోకి చూస్తూ నవ్వుతుంది, వెనక ఖరీదైన ఇల్లు. చిక్కంతా రెండోదానితోనే. నా దగ్గరున్న సంచికలో ఒక నటి మేకప్ లేకుండా, తల దించుకుని కారు ఎక్కుతోంది. దూరం నుంచి తీసిన ఫోటో, కాస్త మసక. పొట్ట దగ్గర ఎర్రటి వృత్తం గీశారు. పక్కనే పసుపు రంగు లావు అక్షరాల్లో, ఇంటిపేరు లేకుండా, మన పక్కింటి అమ్మాయిలా పేరు పెట్టి పిలిచారు. లోపల చూస్తే ఆ మాటలన్నీ పేరు చెప్పని 'స్నేహితురాలి'వి!

ఇదంతా వర్ణించగలను. కానీ "వర్ణన ఎక్కువ, విశ్లేషణ తక్కువ" అని మేడమ్ డ్రాఫ్ట్ రెండుసార్లు తిప్పి పంపారు. సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లో చెప్పిన పురుష దృష్టి సిద్ధాంతం (సినిమా కెమెరా స్త్రీని మగవాడి చూపుకి వస్తువుగా చూపిస్తుందనేది) వాడదామనుకున్నాను. అయితే వీటిని ఎక్కువగా కొనేది ఆడవాళ్లే కదా, అది ఇక్కడ అతుకుతుందా? లేక మీడియా వాస్తవాన్ని ఉన్నదున్నట్టు చూపదు, దానికి అర్థాన్ని తనే తయారుచేస్తుందనే స్టూవర్ట్ హాల్ ప్రాతినిధ్య సిద్ధాంతం పట్టుకోవడం మేలా?

ఆ ఎర్ర వృత్తం పాఠకురాలికి ఏం ఇస్తోంది, ఊరటా, పైచేయి అన్న భావనా? ఈ ఒక్క పాయింట్ ఎలా రాయాలో ఎవరైనా చూపిస్తే మిగతాది నేను లాక్కొస్తాను. శుక్రవారం సబ్మిషన్, చాలా టెన్షన్‌గా ఉంది.