ప్లాట్‌ఫాం వాళ్ళే నా యాప్ లాంటిది తెచ్చి ఫ్రీగా ఇస్తున్నారు, ఏం చేయాలి?

టెక్కలి_డెవ్

నమస్తే అందరికీ. మాది టెక్కలి. నాలుగేళ్ళుగా ఒక్కడినే ఒక చిన్న యాప్ నడుపుతున్నాను, కిరాణా కొట్లలో అరువు పద్దులు చూసుకునేది. ఇది విడిగా నడవదు, చాలా కొట్లలో వాడే ఒక పెద్ద బిల్లింగ్ ప్లాట్‌ఫాంకి యాడ్-ఆన్‌గా పనిచేస్తుంది. బిల్లు వాళ్ళ దాంట్లో కొడతారు, అరువు అని నొక్కితే ఆ పద్దు నా దాంట్లోకి వస్తుంది, గడువు రాగానే తెలుగులో మెసేజ్ వెళ్తుంది. ఆ ప్లాట్‌ఫాం పేరు ఇక్కడ చెప్పను.

మొదట మా మావయ్య కొట్టు కోసమే రాశాను. ఆయన పద్దుల పుస్తకంలో ఎక్కడా తేదీ ఉండదు. "వేట మొదలయ్యాక", "ధాన్యం డబ్బులు పడ్డాక", "పెద్దోడు చెన్నై నుంచి పంపాక" అని ఉంటుంది. యాప్‌లన్నీ తేదీ అడుగుతాయి, అందుకే ఏ యాప్ పెట్టి ఇచ్చినా వారం తిరక్కుండా తీసేసేవాడు. నేను గడువు దగ్గర తేదీ బదులు సందర్భం ఎంచుకునేలా పెట్టాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, భావనపాడు వైపు ఇళ్ళకి ఆ 61 రోజులూ ఒక్క మెసేజ్ కూడా పోదు. చేతిలో డబ్బు లేని రోజుల్లో బాకీ గుర్తు చేస్తే మనిషి కొట్టు మారిపోతాడు, అది మావయ్య చెప్తేనే నాకు తెలిసింది. నోటి మాట మీదే 140 కొట్లు వచ్చాయి, నెలకి 99 రూపాయలు.

పోయిన ఏడాది ప్లాట్‌ఫాం వాళ్ళు ఫోన్ చేసి మీ యాడ్-ఆన్‌ని ఇంతగా ఎందుకు వాడుతున్నారు అని అడిగారు. గుర్తించారని సంబరపడి అన్నీ చెప్పాను. ఈ సంక్రాంతి వెళ్ళాక వాళ్ళ మెనూలో మొదటి వరుసలోనే అరువు రిమైండర్లు వచ్చాయి, ఫ్రీ. తెరిచి చూస్తే గడువు దగ్గర "వేట మొదలయ్యాక" అని ఉంది. నేను పెట్టిన మాటే, అక్షరం మారలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అక్కడితో ఆగలేదు. తర్వాతి నెల నుంచి బయటి యాడ్-ఆన్‌లకి చెల్లింపుల వివరాలు రోజుకి ఒక్కసారే ఇస్తున్నారు, భద్రత కోసం అన్నారు. దాంతో పొద్దున్న వచ్చి బాకీ కట్టేసిన మనిషికి సాయంత్రం నా యాప్ నుంచి "మీ బాకీ 1,240 రూపాయలు" అని మెసేజ్ పోతోంది. వాళ్ళ దాంట్లో ఈ ఆలస్యం లేదు. నందిగాంలో ఒక పెద్దాయన ఫోన్ పట్టుకుని కొట్టుకొచ్చి, కట్టిన డబ్బు మళ్ళీ అడుగుతారా అని నలుగురిలో నిలదీశాడట. ఇప్పుడు 61 కొట్లు మిగిలాయి. మావయ్య కూడా మొన్న "వాళ్ళు ఊరికే ఇస్తన్నారు కదేటి, ఇంకా ఎందుకురా కష్టపడతావు" అన్నాడు.

ఇలా చేయడం చట్టప్రకారం చెల్లుతుందా? సీసీఐకి, అంటే వ్యాపారాల మధ్య పోటీని చూసే కాంపిటీషన్ కమిషన్‌కి, వెళ్తే ప్రయోజనం ఉంటుందా? లేక మూసేసి ఉద్యోగం చూసుకోవాలా?

నాగావళి

తమ్ముడూ, చదివి బాధేసింది. నేను శ్రీకాకుళంలో ఉండి పదమూడేళ్ళుగా యాప్‌లు చేస్తున్నాను, ఈ దెబ్బ కొత్తది కాదు. 2001లో కరేలియా అనే చిన్న సంస్థ మ్యాక్ కోసం వాట్సన్ అనే ప్రోగ్రాం చేసింది, సినిమా టైమింగులు, ఫోన్ నంబర్లు లాంటివి నెట్ నుంచి తెచ్చి ఒకేచోట చూపేది. 2002లో యాపిల్ దానికి డిజైన్ అవార్డు ఇచ్చింది, ఆ ఏడాదే దాదాపు అవే పనులు చేసే షెర్లాక్ 3ని మ్యాక్‌తో పాటే ఇచ్చేసింది. అప్పటి నుంచి డెవలపర్లలో "షెర్లాక్ అయిపోయాం" అనే మాట వాడుకలోకి వచ్చింది. నీకు ఫోన్ చేసి మెచ్చుకుని అడిగారన్నావు చూడు, అక్కడ నాకు ఆ అవార్డు గుర్తొచ్చింది.

మనకి దగ్గర్లో జరిగింది కాల్ రికార్డింగ్. 2022 మే 11 నుంచి ప్లే స్టోర్ యాప్‌లు యాక్సెసిబిలిటీ (దివ్యాంగుల కోసం ఫోన్‌లో పెట్టిన సౌకర్యం) దారిలో కాల్స్ రికార్డు చేయడానికి వీల్లేదని గూగుల్ నిబంధన పెట్టింది. ట్రూకాలర్ అంతటి యాప్ కూడా ఆ సౌకర్యం తీసేయాల్సి వచ్చింది. ఫోన్‌తో పాటే వచ్చే డయలర్లకి మాత్రం అది తగల్లేదు, గూగుల్ సొంత ఫోన్ యాప్‌తో సహా. ప్రైవసీ అన్న కారణం అబద్ధమని నేను అనను, రహస్యంగా రికార్డు చేసే యాప్‌లు నిజంగానే ఉన్నాయి. కానీ తలుపు మూసేటప్పుడు తనవాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట ఉండేలా మూస్తే ఆ కారణాన్ని ఎంతవరకు నమ్మాలి?

బొబ్బిలి_కోట

నేను కొంచెం తేడాగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. ఒకప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌లో టార్చ్ కావాలంటే యాప్ వేసుకోవాల్సి వచ్చేది. ఒక లైటు వెలిగించడానికి కాంటాక్టులు, లొకేషన్ అడిగే యాప్‌లు ఉండేవి. 2014లో ఆండ్రాయిడ్ 5తో టార్చ్ ఫోన్‌లోనే వచ్చేసింది, వాడేవాళ్ళకి అది మంచే. ప్లాట్‌ఫాం ఏ కొత్త సౌకర్యం పెట్టినా అన్యాయం అంటే ఇక ఏ సాఫ్ట్‌వేరూ ముందుకు పోదు. అరువు గుర్తు చేయడం కూడా బిల్లింగ్‌లో ఉండాల్సిందే కదా?

టెక్కలి_డెవ్

ఉండాల్సిందే అన్నా, ఒప్పుకుంటాను. వాళ్ళు రిమైండర్ పెట్టారని నాకు కోపం లేదు, ఇంకో కుర్రాడు పెట్టినా నేను పోటీ పడేవాడిని. టార్చ్ యాప్ తయారుచేసినవాడి బల్బు ఆలస్యంగా వెలిగేలా ఎవరూ చేయలేదు కదా. ఇక్కడ నా మెసేజ్ తప్పుగా వెళ్ళడానికి కారణం వాళ్ళు పెట్టిన ఆలస్యం. నందిగాం పెద్దాయన తిట్టింది మాత్రం కొట్టతన్ని, కొట్టతను తిట్టింది నన్ను.

బొబ్బిలి_కోట

ఆ ఆలస్యం సంగతి నేను సరిగ్గా పట్టించుకోలేదు, అది మాత్రం ముమ్మాటికీ తప్పే.

రాజాం_వకీలు

చట్టం గురించి అడిగావు కాబట్టి వివరంగా రాస్తున్నాను. కాంపిటీషన్ చట్టం సెక్షన్ 4 ప్రకారం, ఒక మార్కెట్లో ఆధిపత్యం ఉన్న సంస్థ ఆ బలంతో పక్క మార్కెట్లోకి దూరడం, ఇంకొకరికి మార్కెట్ దారి మూసేయడం నేరుగా నిషేధం. చిక్కంతా ఆధిపత్యం అన్న మాట దగ్గరే ఉంది. ఆ ప్లాట్‌ఫాం నీ జిల్లాలో ఎన్ని కొట్లలో ఉన్నా, మొత్తం ఆ మార్కెట్లో దానికి ఆధిపత్యం లేదని తేలితే కేసు మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. ముందు అది చూసుకోవాలి.

మామూలు మనుషులు ఫిర్యాదు చేస్తే ఎవరు వింటారు అనుకోవద్దు. గూగుల్ మీద నడిచిన ఆండ్రాయిడ్ కేసు మొదలైంది కొందరు వినియోగదారులు ఇచ్చిన ఫిర్యాదుతోనే. 2019లో విచారణకి ఆదేశించారు, 2022 అక్టోబర్ 20న సీసీఐ గూగుల్‌కి 1,337.76 కోట్లు జరిమానా వేసింది. ఐదు రోజుల తర్వాత ప్లే స్టోర్ చెల్లింపుల కేసులో ఇంకో 936.44 కోట్లు వేసింది, ఆ రెండోదాన్ని అప్పీల్లో 2025 మార్చిలో 216.69 కోట్లకి తగ్గించారు. ఏళ్ళు ఎలా గడిచాయో చూడు. నీ దగ్గర మిగిలిన 61 కొట్లు అంతకాలం ఆగవు, కాబట్టి కేసొక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. ఇంకో సంగతి, 2023 సవరణ తర్వాత ఫిర్యాదుకి మూడేళ్ళ గడువు పెట్టారు, అది కూడా లెక్కలో ఉంచుకో.

నీకు జరిగినదానికి దగ్గరగా ఉన్నది యూరప్‌లో అమెజాన్ కేసు. తన దగ్గర అమ్ముకునేవాళ్ళ బయటికి తెలియని సమాచారాన్ని తన సొంత అమ్మకాల కోసం వాడనని 2022 డిసెంబర్‌లో యూరోపియన్ కమిషన్‌కి హామీ ఇచ్చింది. మన దగ్గర 2024 మార్చిలో వచ్చిన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదాలో కూడా పెద్ద ప్లాట్‌ఫాంలకి ఇలాంటి నిషేధమే రాశారు.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది ఒకటుంది. వాళ్ళు ఫోన్‌లో అడిగారన్నావు, కాగితం మీద ఏమీ లేదు. ఈ రోజే వాళ్ళకి మెయిల్ పెట్టు, ఫలానా నెలలో మీరు ఫోన్ చేసి ఈ విషయాలు అడిగారు, నేను ఇవి చెప్పాను, ఇప్పుడు నాకు వివరాలు ఆలస్యంగా ఎందుకు ఇస్తున్నారు అని మర్యాదగా. జవాబు వచ్చినా రాకపోయినా అది రికార్డే. నువ్వు మొదట్లో ఒప్పుకున్న డెవలపర్ ఒప్పందం కూడా తీసి చదువు, మేమూ ఇలాంటివి తయారుచేసుకోవచ్చు అనే వాక్యం చాలావాటిలో ఉంటుంది.

గంటస్తంభం_బట్టలు

నేను డెవలపర్ని కాదు బాబూ, విజయనగరంలో బట్టల కొట్టు. నీ యాప్ నేను వాడలేదు గానీ నీ సమస్య నాకు తెలుసు. సిరిమానోత్సవం ముందు పదిరోజుల్లో మాకు ఏడాదిలో ఎప్పుడూ లేనంత అరువు పోతుంది, ఊళ్ళ నుంచి వచ్చి పిల్లలకి గుడ్డలు తీసుకుని పంట చేతికొచ్చాక ఇస్తామంటారు, ఇస్తారు కూడా. ఇది చదివాక నేను వాడుతున్న బిల్లింగ్‌లోంచి నా పద్దులు బయటికి తీద్దామని కూర్చున్నాను. పీడీఎఫ్ ఒక్కటే వస్తోంది, 38 పేజీలు. అందులోంచి ఇంకో యాప్‌లోకి ఎక్కించాలంటే కుర్రాణ్ణి పెట్టి చేత్తో కొట్టించాలి. ఇన్నేళ్ళూ ఇవి నా పద్దులే అనుకున్నాను.

నీ యాప్ ఆ ప్లాట్‌ఫాం లేకుండా విడిగా నడిచేలా చేయగలవా? బిల్లు ఎక్కడ కొట్టుకున్నా సరే, అరువు మాత్రం నీ దాంట్లో రాసుకుంటాం. డబ్బు కట్టగానే మేమే ఒక్క నొక్కు నొక్కుతాం, ఇక తప్పు మెసేజ్ ఎందుకు పోతుంది? నెలకి 99 నేను ఇస్తాను, పక్క కొట్టాయన్ని కూడా అడుగుతాను.

టెక్కలి_డెవ్

అందరికీ థాంక్స్. వకీలు గారూ, మెయిల్ నిన్న రాత్రే పెట్టాను, ఒప్పందంలో ఆ వాక్యం ఉంది, పన్నెండో పేజీలో.

గంటస్తంభం బాబాయ్ గారూ, విడిగా నడిచేలా చేయడానికి నాకు రెండు నెలలు పడుతుంది. ముందు ఆ పీడీఎఫ్ నాకు పంపండి, కస్టమర్ల పేర్లు, నంబర్లు కొట్టేసి రెండు పేజీలు చాలు. అందులోంచి పద్దులు నేరుగా లాగగలనేమో ఈ ఆదివారం కూర్చుని చూస్తాను. గడువు దగ్గర "సిరిమానోత్సవం వెళ్ళాక" అని కూడా పెడతాను.