డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టాను, చార్జింగ్ రావడం లేదు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నగారి పాత మాసీ 1035 ట్రాక్టర్ ఉంది, డైనమో (బ్యాటరీని చార్జ్ చేసే పాత రకం జనరేటర్) బండి. దమ్ము రోజుల్లో రాత్రిపూట రెండు హెడ్‌లైట్లు, వెనక లైటు వేసి దున్నితే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతోంది. అందుకని డైనమో తీసేసి పాత కారు ఆల్టర్నేటర్ (అదే పని చేసే కొత్త రకం) పెట్టించాను. బ్రాకెట్ లేత్ షాపులో చేశారు, బెల్టు సరిగ్గానే తిరుగుతోంది. వెనక పెద్ద బోల్టు మీద బి ప్లస్ అని, చిన్న పిన్ను మీద ఎల్ అని ఉంది. డైనమోకి ఉన్న లావు వైరు పెద్ద బోల్టుకి, సన్న వైరు ఎల్ పిన్నుకి ఇచ్చాను. డైనమో చార్జింగ్‌ని అదుపు చేసే కటౌట్ బాక్సు అలాగే ఉంచాను. ఎంత రేజ్ చేసినా బ్యాటరీ దగ్గర 12.3 ఓల్టులే చూపిస్తోంది. ఆల్టర్నేటర్ పోయినట్టేనా?

జవాబు:
తమ్ముడూ, పోయిందని ఇప్పుడే అనుకోకు. నువ్వు చెప్పిన కనెక్షన్‌తో కొత్త ఆల్టర్నేటర్ అయినా చార్జింగ్ ఇవ్వదు.

అన్నిటికంటే ముందు, బ్యాటరీలో ఏ టెర్మినల్ బాడీకి ఉందో చూడు. నెగటివ్ అయితే సరే. 1950ల్లో ఇంగ్లండులో తయారైన ఫెర్గూసన్ టిఇ20 లాంటి బళ్లలో పాజిటివ్ బాడీకి ఉండేది. అలాంటి బండికి మామూలు ఆల్టర్నేటర్ తగిలిస్తే లోపలి డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చేవి) క్షణంలో పోతాయి. చూశాక నెగటివ్ కేబుల్ విప్పి పక్కన పెట్టి, అప్పుడు పని మొదలుపెట్టు. బి ప్లస్‌లో కీ ఆపినా కరెంటు ఉంటుంది, స్పానర్ బాడీకి తగిలితే నిప్పులు లేస్తాయి.

ఇక అసలు విషయం. డైనమో లోపలి ఇనుములో కాస్త అయస్కాంతం మిగిలి ఉంటుంది, దాంతో తనంతట తానే మొదలవుతుంది. ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటర్‌లో ఆ బలం చాలదు. మొదట బయటి నుంచి కొద్దిగా కరెంటు అందాలి. ఆ కరెంటు వచ్చే దారే డ్యాష్‌బోర్డు మీది చార్జింగ్ బల్బు. చాలామంది దాన్ని ఉత్త సూచన లైటు అనుకుని వదిలేస్తారు. నా దగ్గరికి 'చార్జింగ్ లేదు' అని వచ్చే మార్పిడి బళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ లోపమే.

కటౌట్ బాక్సు పూర్తిగా తీసెయ్యి. ఓల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ ఆల్టర్నేటర్ లోపలే ఉంది. బాక్సు మీద ఎ, ఎ1 అని ఉన్న చోట బిగించిన వైర్లను మాత్రం ఒకదానికొకటి కలిపి గట్టిగా బిగించు. లైట్లకు కరెంటు అక్కడి నుంచే పోతుంది, కలపకపోతే బండి మొత్తం చీకటి. డి, ఎఫ్ వైర్ల రెండు చివరలూ టేపు చుట్టి వదిలెయ్.

బి ప్లస్ నుంచి కొత్త వైరు, 6 స్క్వేర్ ఎంఎంకి తగ్గకుండా, సెల్ఫ్ సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్) మీద బ్యాటరీ కేబుల్ బిగించిన బోల్టుకే తీసుకెళ్లు. మధ్యలో ఫ్యూజు పెట్టు. పాత డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లు, ఆ వైరు అంతవరకే. ఈ ఆల్టర్నేటర్ 35 పైనే ఇస్తుంది, పాత వైరు వేడెక్కుతుంది. కొత్త వైరు యాంప్‌మీటర్ గుండా పోదు కాబట్టి అది లైట్ల వాడకమే చూపిస్తుంది, చార్జింగ్ చూపించదు. ఓల్ట్‌మీటర్ పెట్టుకో.

ఎల్ పిన్నుకి: కీ స్విచ్, అక్కడి నుంచి 12 ఓల్టుల 2.2 వాట్ల బల్బు, బల్బు నుంచి ఎల్. బల్బు లేకుండా నేరుగా కరెంటు ఇవ్వొద్దు. లోపలి రెగ్యులేటర్ కాలిపోతుంది.

మళ్లీ అడిగింది:
అన్నా, చాలా థ్యాంక్స్. నెగటివే బాడీకి ఉంది. కానీ మా బండికి కీ లేదు, సెల్ఫ్‌కి నొక్కే బటన్ మాత్రమే. బల్బు బ్యాటరీకే కలిపేయవచ్చా? ఇంట్లో ఎల్‌ఈడీ ఇండికేటర్ ఉంది, అది సరిపోతుందా?

జవాబు:
రెండూ వద్దు. బ్యాటరీకే కలిపితే ఇంజన్ ఆగినప్పుడల్లా బల్బు వెలుగుతూనే ఉంటుంది, రోజుకు 4 ఆంపియర్-అవర్ల పైనే తినేస్తుంది. వానలకి వారం రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ కొట్టదు. కీ బదులు, నీళ్లు పడని చోట మామూలు ఆన్-ఆఫ్ స్విచ్ ఒకటి బిగించు. డీజిల్ బండి కదా, ఇంజన్‌ని ఎటూ స్టాప్ కేబుల్ లాగే ఆపుతావు, దీనితో సంబంధం లేదు. దిగేటప్పుడు స్విచ్ ఆపడం అలవాటు చేసుకో.

ఎల్‌ఈడీ గుండా వెళ్లే కరెంటు రోటర్‌కి చాలదు. ఫిలమెంటు బల్బే పెట్టు.

అంతా బిగించాక, ఇంజన్ స్టార్ట్ చేయకుండా స్విచ్ వెయ్యి. బల్బు వెలగాలి. చిన్న స్పానర్ మొనను ఆల్టర్నేటర్ వెనక బేరింగు దగ్గరికి తీసుకెళ్తే చేతికి మెల్లగా లాగినట్టు తెలుస్తుంది. అది రోటర్ అయస్కాంతమే. బల్బు వెలగకపోతే ఎల్ నుంచి వైరు పీకి బాడీకి తాకించు. అప్పుడు వెలిగితే వైరింగు బాగున్నట్టే, లోపల కార్బన్ బ్రష్‌లు చూపించు.

ఇంకొకరి మాట:
నాదొక మాట కలుపుతాను. ఆల్టర్నేటర్ పని చేస్తోందో లేదో చూడటానికి ఇంజన్ ఆడుతుండగా బ్యాటరీ వైరు పీకే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. డైనమో రోజుల్లో చెల్లింది, ఇప్పుడు చేస్తే ఓల్టేజీ ఒక్కసారిగా ఎగిరి డయోడ్లు, రెగ్యులేటర్ పోతాయి. బండి మీద వెల్డింగ్ చేయించేటప్పుడు కూడా బ్యాటరీ కేబుల్, ఆల్టర్నేటర్ వైర్లు తీసి పెట్టండి.

అడిగినవారు:
స్విచ్, బల్బు పెట్టాను. స్విచ్ వేయగానే బల్బు వెలిగింది, స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేయగానే ఆరిపోయింది. లైట్లన్నీ వేసి చూస్తే బ్యాటరీ దగ్గర 14.1. కానీ స్లోలో ఉంటే బల్బు మళ్లీ సన్నగా వెలుగుతోంది.

జవాబు:
14.1 అంటే చక్కగా ఉంది. స్లోలో వెలగడం పుల్లీ వల్ల. డైనమో పుల్లీనే దీనికి వేసి ఉంటారు, అది పెద్దది. ఆల్టర్నేటర్ ఇంకా వేగంగా తిరగాలి, దాని చిన్న పుల్లీ తెచ్చి వేయించు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే 10–12 మి.మీ. దిగాలి, అంతకంటే బిగిస్తే వాటర్ పంపు బేరింగు అరిగిపోతుంది. పుల్లీ మార్చేదాకా దున్నకానికి ఇబ్బందేమీ లేదు, నాట్లు కానివ్వు.